చందమామకు కుంకుమ అంచు

ఆదిలాబాద్ వైపు వెళ్లొచ్చిన వాళ్లందరూ జలపాతాల గురించి, అడవుల గురించి చెబుతారు. నేను కరీంనగర్ నుంచి నిర్మల్, ఇచ్చోడ, ఆసిఫాబాద్, బెల్లంపల్లి మీదుగా మూడు రోజులు తిరిగివచ్చాను, ఒక్క జలపాతం కూడా చూడలేదు. తిరిగినంతసేపూ తల పైకెత్తే ఉన్నాను. ఆ పుణ్యాన మెట్‌పల్లిలో ఒకసారి, నిర్మల్‌లో ఒకసారి రోడ్డు పక్క మురుగు మోరీలో కాలు పడింది. ఇక్కడ రాసేది నేను వెతుక్కుంటూ పోయిన వస్తువు గురించీ, అది చివరికి దొరికిన చోటు గురించీ.

బయలుదేరకముందు

కరీంనగర్‌లో ఒక చీరల దుకాణంలో ముప్పై రెండేళ్లుగా పని చేస్తున్నాను. నా పేరు రాజేశం. తెల్లటి పరుపు మీద కూర్చుని చీరలు విప్పి పరచడం నా పని. మామూలు మనుషులకు ఆకుపచ్చ ఒక్కటే. నాకు చిలకపచ్చ వేరు, పెసర రంగు వేరు, నెమలికంఠం వేరు. అన్నం పెట్టేవి ఈ కళ్లే.

ఎండాకాలం నుంచీ సాయంత్రం డాబా ఎక్కితే చందమామ చుట్టూ రంగుల వలయం కనిపించసాగింది. లోపల వంకాయ రంగు, తర్వాత నెమలికంఠం, చిలకపచ్చ, నిమ్మపండు రంగు, చివరన కుంకుమ అంచు. అంత పద్ధతిగా రంగులు కూర్చిన చీర నేను ధర్మవరం సరుకులో కూడా చూడలేదు. నా భార్య సుశీలను పిలిచి చూపించాను.

"నాకేం గానస్తలేదు. కండ్లు జూపిచ్చుకోరాదు?" అంది.

అక్కడ మొదలైంది గొడవ. మా దుకాణంలో నాకంటే పెద్దాయన ఒకరుండేవారు. ఒకరోజు నీలం చీరకు ఆకుపచ్చ జాకెట్ గుడ్డ చించి ఇచ్చారు. మర్నాటి నుంచి ఆయన్ని గోదాములో మూటల దగ్గర కూర్చోబెట్టారు. నెల తిరిగేసరికి ఇంటికి పంపారు. కంటి డాక్టరు గడప తొక్కితే నాకూ అదే గతి పడుతుందని భయం. ఆ భయాన్ని సుశీలకు చెప్పకుండా, ఆకాశంలో ఉన్నదాన్ని నా కంట్లో ఉందంటావా అని ఎగిరిపడ్డాను.

వారం రోజుల పోరు తర్వాత ఒప్పందం కుదిరింది. పట్నం దుమ్మూ దీపాలూ లేని చోటికి నేను వెళ్లాలి. బయటి మనిషి ఒక్కరంటే ఒక్కరు నేను చూసిందే చూశానంటే సుశీల డాక్టరు మాట మళ్లీ ఎత్తదు. ఎవరికీ కనిపించకపోతే తిరిగివచ్చిన మర్నాడే కంటి ఆస్పత్రి. దీపావళి బేరాలు అయిపోయి దుకాణంలో సెలవు దొరికింది. కార్తీక పౌర్ణమి ఇంకా నాలుగు రోజులుంది. సాక్ష్యానికి సుశీల తన తమ్ముడు మల్లేశాన్ని చొప్పదండి నుంచి పిలిపించింది. మల్లేశం ఎనిమిదేళ్లు దుబాయిలో ఉండి వచ్చాడు, ఇప్పుడు బోరు మోటార్లు బాగుచేస్తాడు. అబద్ధం ఆడదామన్నా వాడి ముఖం సహకరించదు. అందుకే వాణ్ణి పంపింది.

మెట్‌పల్లి: మొదటి సాక్షి

బస్సులో ఆడవాళ్లకు టికెట్టు లేదు, మగవాళ్లకు సీటు లేదు. జగిత్యాల దాకా నిలబడే వెళ్లాం. కోరుట్ల దాటాక ఒక అవ్వ దయతలిచి తన మూటను ఒడిలోకి తీసుకుని నాకు జానెడు చోటిచ్చింది. దానికి బదులుగా మెట్‌పల్లి వరకు ఆమె కోడలి గుణగణాలు వినవలసి వచ్చింది.

మెట్‌పల్లి బస్టాండ్‌లో బస్సు పావుగంట ఆగింది. మసకచీకటి పడింది. చాయ్ పది రూపాయలు, మిర్చి బజ్జీలు నాలుగు ఇరవై. బజ్జీ కొరికి పైకి చూశాను. నా చందమామ నా అంచుతో సహా సిద్ధంగా ఉన్నాడు. పక్కన చాయ్ తాగుతున్న పెద్దాయనకు చూపించాను. ఆయన మస్కట్‌లో ఇరవై ఏళ్లు చేసి వచ్చారట.

"కాకా, చందమామ చుట్టూ రంగులు చూశారా?"

"ఎందుకు కానరావు సార్. గుడి గట్టింది గద." చంద్రుడి చుట్టూ వలయం పడితే గుడి కట్టడమనే అంటారు మా వైపు. "మస్కట్ల గింతకన్న పెద్ద గుడి గడ్తది. అక్కడ అన్నీ పెద్దయే."

నేను గెలిచినట్టు మల్లేశం వైపు చూశాను. మల్లేశం మాత్రం బజ్జీ పక్కనపెట్టి వకీలులాగా ముందుకు వచ్చాడు.

"ఏ రంగున్నది కాకా?"

"ఏ రంగంటే... గీ సార్ జెప్పిన రంగే."

"సార్ ఇంక రంగు జెప్పలే."

పెద్దాయన బస్సు హారన్ కొట్టిందని లేచారు. హారన్ కొట్టిన బస్సు ఆర్మూర్‌ది. జగిత్యాల పోవాలన్న మనిషి అందులోకే ఎక్కేశారు. ఆయన వెనక కేకవేద్దామని అటువైపు నడవడంలోనే మొదటి మోరీ ఎదురైంది. మల్లేశం నా చెప్పు కడిగి తెచ్చి, ఈ సాక్షి చెల్లడని తీర్పు చెప్పాడు.

నిర్మల్: రంగులమ్మే వాళ్లు

నిర్మల్‌లో దిగేసరికి ఎనిమిదైంది. లాడ్జి మేనేజరును అదే అడిగాను. ఆయన కౌంటర్ వెనక నుంచి లేవకుండానే, చందమామ కనపడని చోట కూర్చునే, "ఉన్నది సార్, మస్తుగున్నది" అన్నాడు. మూడో అంతస్తులో బాల్కనీ గది తీసుకుంటే ఇంకా మంచిగా కనిపిస్తుందని, రెండు వందలు ఎక్కువవుతుందని కూడా చెప్పాడు. తీసుకున్నాను. బాల్కనీ పడమరకు ఉంది, చంద్రుడు తూర్పున ఉన్నాడు. చూడటానికి మళ్లీ వీధిలోకి దిగవలసి వచ్చింది. రెండో మోరీ అక్కడే.

మర్నాడు పొద్దున కొయ్యబొమ్మల దుకాణానికి వెళ్లాం. సుశీల కూరగాయల బొమ్మలు తెమ్మంది. దుకాణదారు మర్యాదస్తుడు, కుర్చీ వేసి చాయ్ తెప్పించాడు. మాటల్లో రాత్రి చందమామ సంగతి తీశాను.

"రాత్రి నేను గూడ జూసిన సార్. మా ఇంటామెకు గూడ జూపెట్టిన. మీరు రంగులు జెప్పుండ్రి, అట్లనే ఒక పళ్లెం మీద ఏసిస్త. గోడకు పెట్టుకోవచ్చు."

ఆ మాట విన్నాక చాయ్ గ్లాసు కింద పెట్టేశాను. 'నేను గూడ జూసిన సార్' అన్న ఆ గొంతు నాకు బాగా తెలుసు. ముప్పై రెండేళ్లుగా పరుపు మీద కూర్చుని, చీర నప్పినా నప్పకపోయినా, "మీ కోసమే నేసినట్టుందమ్మా" అంటున్న గొంతు అది. కొనేవాడికి ఏం వినాలనుందో అమ్మేవాడికి ముందే తెలుస్తుంది. నేను అడిగే తీరులోనే జవాబు కూడా ఉందని, నేను రంగు చెప్పి ఔననిపించుకుంటున్నానని అప్పుడు అర్థమైంది. అయినా పైకి ఒప్పుకోలేదు. కొయ్య వంకాయ, కొయ్య మామిడికాయ కొని బయటపడ్డాను. వంకాయ రంగు బాగా వేశాడని మాత్రం చెప్పాలి.

ఇచ్చోడ దాటాక: గుడి కట్టింది

రెండో సాయంత్రం ఇచ్చోడకు అవతల ఒక పల్లెలో బస చేశాం. మల్లేశంతో దుబాయిలో ఒకే గదిలో ఉన్న మారుతి ఇల్లు అది. అక్కడ ఎదురుపడితే నమస్తేకు బదులు 'రాం రాం' అంటారు. నేను రెండు చేతులూ జోడిస్తే మారుతి కొడుకు నవ్వాడు. పత్తి తీసే రోజులు. ఇంట్లో నడవడానికి చోటు లేదు, ఇంటి ముందు ఎడ్లబండి ఎత్తున పత్తి కుప్ప. మర్నాడు అమ్మకానికి పోవాల్సిన సరుకు.

రాత్రి భోజనంలో జొన్నరొట్టె, శనగపిండితో చేసే పిట్ల, పచ్చిమిరప దంచిన ఠేచా. మా ఇంట్లో అన్నం లేకపోతే దాన్ని భోజనం అనరు. ఇక్కడ నేను నాలుగు రొట్టెలు తిన్నాక, ఇప్పుడు అన్నం వడ్డించమంటారా అని అడిగారు. మొహమాటానికి సరేనన్నాను. మా జాతి లక్షణం అది. ఠేచా సంగతి మల్లేశం ముందే చెప్పి ఉంటే బాగుండేది. అరగంట సేపు నాకు చందమామే కాదు, కంచం కూడా సరిగ్గా కనిపించలేదు.

కళ్లు తుడుచుకుని వాకిట్లోకి వచ్చేసరికి ఆకాశం మీద పలచటి మబ్బు పొర పరుచుకుని ఉంది. నేను నోరు తెరవకముందే మారుతి తల్లి అంది.

"గుడి గట్టింది సూడుండ్రి."

నేను అడగలేదు, రంగు చెప్పలేదు. తనంత తానే అంది. మారుతి చూశాడు, వాడి భార్య చూసింది, పక్కింటాయన గోడ మీది నుంచి చూశాడు. అందరికీ కనిపించింది. మల్లేశం కూడా తలెత్తి, "ఉన్నది బావా. నువ్వే గెలిచినవ్" అన్నాడు. వెంటనే సుశీలకు ఫోన్ చేద్దామనుకున్నాను. సిగ్నల్ లేదు. అదే మంచిదైంది.

ఎందుకంటే మారుతి తల్లి ఊరుకోలేదు. "దూరం గుడి దగ్గర వాన, దగ్గర గుడి దూరం వాన. గిది దూరం గుడి. పత్తి మీద టార్పాలిన్ కప్పు కొడుకా" అంది.

నాకు అర్థం కాలేదు. "దూరం ఎక్కడవ్వా? చంద్రుణ్ణి అంటుకునే ఉంది కదా. చేతి గాజంత లేదు" అన్నాను.

"గాజంతనా?" పక్కింటాయన చెయ్యి చాపి ఆకాశంలో గీత గీశాడు. "గా వేపచెట్టు కొసకాంచి ఇటు నీళ్ల టాంకి దాక ఉన్నది సార్."

అప్పుడు చూశాను. నిజంగానే ఉంది. వేపచెట్టు నుంచి టాంకి దాకా పెద్ద తెల్లటి వలయం. ఉతికి ఆరేసిన నూలు చీరలా, రంగూ లేదు, చెప్పుకోదగ్గ అంచూ లేదు. అలాంటివి నేను బేరంలో పైకి కూడా తీయను. "అది కాదు, దాని లోపల చిన్నది, రంగులది" అన్నాను. ఐదుగురూ లోపల వెతికారు. ఎవరికీ దొరకలేదు.

మారుతి ఇరుకున పడ్డాడు. కుప్ప కప్పాలంటే ఇద్దరు మనుషులు గంట సేపు పని చేయాలి. "అవ్వా, సార్ పట్నంల రంగులు జూసే మనిషి. దగ్గర గుడి అంటుండు గద" అన్నాడు.

"గాయన రంగులు సూస్తడు. నేను వాన సూస్తున్న. కప్పు" అంది ఆవిడ.

గంట సేపు కాదు, గంటన్నర పట్టింది. నేనూ ఒక కొస పట్టుకున్నాను. తెల్లవారుజామున టార్పాలిన్ మీద టపటపా చినుకులు పడ్డాయి. లేచి చూస్తే కుప్ప పొడిగా ఉంది, నేను ఆరేసుకున్న ప్యాంటు తడిసి ఉంది. మారుతి తల్లి చాయ్ గ్లాసు నా చేతికిచ్చి, పక్కన కూర్చుని, మెల్లగా అంది. "బిడ్డా, రాత్రి నీకు కనవడ్డది మాది గాదు. అదేందో అర్సుకో."

ఎగతాళి చేసి ఉంటే కోప్పడేవాణ్ణి. ఆవిడ అలా అనలేదు.

ఆసిఫాబాద్ బస్సు

ఉట్నూర్, జైనూర్ మీదుగా ఆసిఫాబాద్ దారి అంతా గుట్టలు. కిటికీ పక్కన సీటు దొరికింది. అయినా రోడ్డు చూడలేదు. మల్లేశం జైనూర్‌లో సీతాఫలాలు కొన్నాడు. ఒకటి విప్పి నా చేతిలో పెట్టి అడిగాడు.

"బావా, నీకు గా రంగులు బల్బుల సుట్టు గూడ కానస్తయా?"

"కనిపిస్తాయి. మన ఊరి దుమ్ముకు" అన్నాను.

"నిర్మల్ లాడ్జిల?"

"అక్కడా దుమ్మే."

"దుకాణంల?"

సీతాఫలం గింజలు కిటికీలోంచి ఊశాను. ఒకటి వెనక కిటికీలోని ఆయన మీద పడింది. క్షమాపణ చెప్పుకోవడంతో ఆ ప్రశ్న అక్కడికి దాటిపోయింది. ఆసిఫాబాద్‌లో బస్సు మారాం. అక్కడి ఇడ్లీ గట్టిగా ఉంది, చట్నీ బాగుంది. ఆ పట్నం గురించి ఇంతకన్నా రాయడానికి నా దగ్గర ఏమీ లేదు, ఎందుకంటే అప్పటికి నాకు నిజంగానే భయం మొదలైంది.

బెల్లంపల్లి: లింగయ్య గారి బొటనవేలు

మూడో సాయంత్రం బెల్లంపల్లిలో మల్లేశం మామ లింగయ్య గారింట్లో దిగాం. డెబ్బై దాటిన మనిషి. బొగ్గుగనిలో సర్దారుగా చేసి రిటైరయ్యారు. కార్మికులు దిగకముందే దీపం పట్టుకుని గనిలోకి వెళ్లి, గాలి మంచిదో కాదో చూసి, పుస్తకంలో సంతకం పెట్టడం సర్దారు పని. గని కాలనీలో ఎడమ పక్కింటి వాళ్లది శ్రీకాకుళం, కుడి పక్కింటి వాళ్లది ఉత్తరప్రదేశ్. సాయంత్రమయ్యేసరికి మూడు రకాల పోపుల వాసన ఒకే వాకిట్లోకి వస్తుంది.

కుర్చీలు బయట వేశారు. ఆకాశం కడిగినట్టు ఉంది, మబ్బు తునక లేదు. నా చందమామ తన అంచుతో వచ్చాడు. అలవాటు కొద్దీ అమ్మకం గొంతుతోనే అన్నాను. "మామా, చందమామకు కుంకుమ అంచు ఎంత బాగుందో చూడండి."

లింగయ్య గారు తలెత్తి చాలాసేపు చూశారు. కళ్లద్దాలు తీసి చూశారు, పెట్టుకుని చూశారు.

"లేదు" అన్నారు.

మూడు రోజుల్లో ఆ మాట నాతో అంత నేరుగా అన్నది ఆయనొక్కరే. "సరిగ్గా చూడండి మామా" అన్నాను.

"సూసిన రాజేశం. లేదు. గనిల మొహమాటానికి సంతకం పెడితే మనుషులు పోతరు. నాకు గా అలవాటు లేదు." తర్వాత మల్లేశం వైపు తిరిగి సంగతేమిటని అడిగారు. మల్లేశం మెట్‌పల్లి నుంచి పత్తి కుప్ప దాకా అంతా చెప్పాడు. మోరీలు కూడా వదల్లేదు.

లింగయ్య గారు నవ్వలేదు. "గనిల దీపం మంట మీద సన్నగ నీలం టోపీ లెక్క కానస్తే గ్యాస్ ఉన్నట్టు. మంట పెద్దగుంటే గది కండ్లకు ఆనది. వత్తి తగ్గించి సూడాలె. వెలుగు తగ్గించినంక గూడ నిలిచేది నిజం. వెలుగుతోని పోయేది కంటి మాయ" అన్నారు.

"చందమామ వత్తి ఎట్ల తగ్గిస్తం మామా?" అన్నాడు మల్లేశం.

"బొటనేలుతోని. రాజేశం, చెయ్యి సాపు. ఒక కన్ను మూసుకో. చందమామ మీద బొటనేలు పెట్టు. చందమామ ఒక్కటే దాగాలె, సుట్టున్నది దాగొద్దు."

చెయ్యి చాపాను. బొటనవేలి వెనక చంద్రుడు దాక్కున్నాడు. వేలికి అటూ ఇటూ ఉండవలసిన వలయం లేదు. వంకాయ రంగు లేదు, నెమలికంఠం లేదు, కుంకుమ అంచు లేదు. మామూలు నల్లటి ఆకాశం. వేలు తీశాను, మొత్తం చీర మళ్లీ విప్పినట్టు వచ్చింది. పెట్టాను, పోయింది. కన్ను మార్చాను, చెయ్యి మార్చాను, లేచి నిలబడి చూశాను. కుడి పక్కింటాయన తన గేటు దగ్గర నుంచి ఇదంతా చూసి, నేను తనకే బొటనవేలు చూపిస్తున్నాననుకుని, తనూ బొటనవేలెత్తి చూపించి నవ్వాడు.

వీధి దీపం మీదా పెట్టి చూశాను. అక్కడా అంతే.

"ఆకాశంల ఉన్నదైతే నీ బొటనేలుకు జడిసి ఎటు వోతది?" అన్నారు లింగయ్య గారు. తర్వాత గొంతు తగ్గించి, "పొద్దుమీకి కనుబొమ్మల మీద బరువుంటదా?" అని అడిగారు.

సాయంత్రమయ్యేసరికి ఉంటుందని చెప్పాను. రోజంతా దుకాణం లైట్ల కింద కూర్చోవడం వల్ల అనుకున్నానని చెప్పాను.

"మా అన్నకు గూడ గిట్లనే. దీపం సుట్టు రంగులు కానస్తున్నయని సంబరపడ్డడు. ఏడాదికి దీపమే కానరాలే."

కుర్చీలో కూర్చుండిపోయాను. దుకాణంలో పెద్దాయన సంగతి, నీలం చీర సంగతి, ఎవరికీ చెప్పని నా భయం, అంతా ఆ వాకిట్లో చెప్పేశాను. మల్లేశం నా పక్కన కూర్చుని, "పొద్దుగాల మొదటి బస్సుకే పోదాం బావా" అన్నాడు. ఆ రాత్రి చేపల పులుసు పెట్టారు. బాగుందని అందరూ అన్నారు. నేనూ అన్నాను, రుచి మాత్రం గుర్తులేదు.

కరీంనగర్

సుశీల దెప్పిపొడుస్తుందనుకున్నాను. కొయ్య వంకాయ చేతిలోకి తీసుకుని, "మంచిగున్నది" అని, చెప్పులు వేసుకుని బయలుదేరింది. తమ్ముడు దారిలోనే ఫోన్ చేసి చెప్పాడట.

డాక్టరమ్మ కంట్లో దీపం వేసి చూసి నీటికాసులు అంది. కంట్లో నీరు పోయే దారి మూసుకుపోయి ఒత్తిడి పెరిగితే దీపాల చుట్టూ ఇలా రంగులు కనిపిస్తాయట. లేజరుతో దారి చేయవచ్చు, ఉన్న చూపు నిలబెట్టవచ్చు. పోయింది మాత్రం తిరిగి రాదు.

"ఎప్పటి నుంచి కనిపిస్తున్నాయి?" అని అడిగింది.

"ఈ ఎండాకాలం నుంచి" అన్నాను. సుశీల నా వైపు చూసింది. "పోయిన ఏడాది ఎండాకాలం నుంచి" అన్నాను.

లేజరు పావుగంట పని. దుకాణం సేటుకు నేనే వెళ్లి చెప్పాను. "చీరలమ్మేది నీ నోరు, కండ్లు గాదు. రంగులు సూడనీకె ఇంకొకడున్నడు, పో, కూసో" అన్నాడు. ఇన్నాళ్లు దాచింది ఇందుకా అనిపించింది. ఇప్పుడు చందమామ చుట్టూ ఏమీ లేదు. ఒట్టి తెల్లటి చందమామ.

ఎంత చూపు పోయిందో తేల్చే పరీక్ష ఒకటి మిగిలింది. చీకటి గదిలో పెద్ద గిన్నె లాంటి యంత్రం ముందు గడ్డం ఆనించి కూర్చోవాలి. లోపల అక్కడక్కడా చిన్న వెలుగు చుక్కలు మెరుస్తాయి. కనిపించినప్పుడల్లా చేతిలోని బటన్ నొక్కాలి. కుడి కన్ను చకచకా అయిపోయింది. ఎడమ కన్ను మొదలుపెట్టిన కాసేపటికి పరీక్ష చేసే అమ్మాయి యంత్రం ఆపేసింది.

"అంకుల్, చుక్క రాకముందే నొక్కుతున్నరు."

చీకట్లో ముఖం కనపడదు కాబట్టి సరిపోయింది. ఇంతసేపూ ప్రతి చుక్కకు ముందు యంత్రం చేసే చిన్న చప్పుడును బట్టి అంచనా వేసి నొక్కుతున్నాను. అన్నీ కనిపిస్తున్నాయని ఆ యంత్రాన్ని కూడా ఒప్పించబోయాను.

"మళ్ల మొదటికెల్లి చేద్దాం. కానరాకపోతే నొక్కకుండ్రి. ఏం గాదు" అంది ఆ అమ్మాయి.

మళ్లీ గడ్డం ఆనించాను. పక్కన స్టూలు మీద సుశీల కూర్చుని ఉంది, ఊపిరి వినిపిస్తోంది. ఈసారి కనిపించిన వాటికే నొక్కాను. మొదట రెండు మూడు వరసగా కనిపించాయి. తర్వాత యంత్రం చప్పుడు వస్తూనే ఉంది, ఒకటి, ఇంకొకటి, మరొకటి. చాలాసేపు నేను బటన్ నొక్కలేదు.